వీడియో ప్రొజెక్టర్‌తో గాలిలో లేజర్ తరహా కాంతులు

ప్రొజెక్టర్ నుంచి వెలువడే కాంతిని తెర మీద చూడడమే అందరికీ అలవాటు. ఆ కాంతి తెరను చేరకముందే, గాలిలో ఉండగానే కనిపించేటట్లు చేయగలిగితే లేజర్ ప్రదర్శనల్లో మనం చూసే కిరణాలు, కాంతి పలకలు, సొరంగాలు చాలావరకు మామూలు వీడియో ప్రొజెక్టర్‌తోనే సాధ్యమవుతాయి. అందుకు కావలసినవి బాగా చీకటిగా ఉన్న గది, గాలిలో పలచగా పరుచుకున్న పొగ, నల్లని నేపథ్యం మీద సన్నని ఆకారాలు కదిలే వీడియో.

వీడియోలో గీసిన ఆకారం గాలిలో ఏ రూపం దాలుస్తుందో ముందుగా గ్రహించాలి. ప్రతి పిక్సెల్ లెన్స్ నుంచి బయలుదేరే ఒక కిరణమని భావిస్తే లెక్క తేలికవుతుంది. చిన్న చుక్క గాలిలో ఒక కిరణమవుతుంది. వరుసగా పేర్చిన చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటాయి. అడ్డగీత పలుచని కాంతి పలకగా మారుతుంది, దానిలోంచి పొగ కదులుతూ పోతుంటే నీటి ఉపరితలం తలపైన తేలుతున్నట్లు ఉంటుంది. వలయం గీస్తే శంకువు ఏర్పడుతుంది. దాని లోపల నిలబడి ప్రొజెక్టర్ వైపు చూసేవారికి అదే సొరంగం.

ఇక్కడ చాలామంది ల్యూమెన్ల (వెలుగు పరిమాణానికి కొలమానం) అంకె చూసి ప్రొజెక్టర్‌ను ఎంచుకుంటారు. వెలుగు అవసరమే గాని, ఈ పనిలో అంతకన్నా ముఖ్యమైనది నలుపు. లేజర్ తన కాంతినంతా ఒకే కిరణంలో కేంద్రీకరిస్తుంది. ప్రొజెక్టర్ మాత్రం కాంతిని చిత్రం పడే మొత్తం చట్రానికి పరిచి, అక్కర్లేని చోట ఆపేస్తుంది. 1920×1080 చిత్రంలో 4 పిక్సెళ్ల మందం గల అడ్డగీత గీస్తే, 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ నుంచి ఆ గీతకు దక్కేది 11 ల్యూమెన్ల చిల్లర మాత్రమే. ఆపేసిన కాంతి కూడా పూర్తిగా ఆగదు, కొంత కారుతూనే ఉంటుంది. కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి) 1000:1 అయితే పూర్తి నల్లని చట్రం నుంచి కూడా 3 ల్యూమెన్లు బయటికి వస్తాయి.

తెర మీద ఈ కారడం పెద్దగా తెలియదు. గాలిలో పరిస్థితి వేరు, ఎందుకంటే పక్కనుంచి చూసేవారి చూపు కాంతి మార్గాన్ని అడ్డంగా దాటుతూ దారిలోని వెలుగునంతా కలుపుకుంటూ పోతుంది. 4 పిక్సెళ్ల వెడల్పున్న చుక్క నుంచి ఆ చూపుకు 4 పాళ్ల వెలుగు అందితే, అదే వరుసలోని దాదాపు 1900 నల్ల పిక్సెళ్లు కలిసి సుమారు 2 పాళ్ల వెలుగును అందిస్తాయి. తెర మీద వెయ్యింతలుగా ఉన్న తేడా గాలిలో రెండింతలకు దిగిపోయి, కిరణం చుట్టూ బూడిదరంగు మసక కమ్ముకుంటుంది. కాబట్టి ప్రకటనల్లో కనిపించే డైనమిక్ కాంట్రాస్ట్ (దృశ్యాన్ని బట్టి దీపం వెలుగును మారుస్తూ కొలిచినది) అంకెను పక్కనబెట్టి, సహజ కాంట్రాస్ట్ (అలా మార్చకుండా కొలిచినది) ఎక్కువగా ఉన్న పరికరాన్ని ఎంచుకోవాలి. ఆటో ఐరిస్ (కాంతి వెలువడే ద్వారాన్ని దానంతటదే చిన్నది పెద్దది చేసేది) వంటి సదుపాయాలను ఆపివేయాలి, లేకపోతే చిత్రంలో నలుపు ఎక్కువైనప్పుడల్లా అవి గీతల వెలుగును కూడా తగ్గించేస్తాయి. చట్రంలో వాడని భాగం ఉంటే, లెన్స్‌కు కొంత ఎడంగా నల్లని రేకును అడ్డుపెట్టి ఆ భాగాన్ని కప్పివేయడం అన్నిటికన్నా చౌకైన, ఫలితమిచ్చే ఉపాయం. రేకును లెన్స్‌కు మరీ దగ్గరగా ఉంచితే వేడెక్కడమే కాక, దాని అంచు నీడ చట్రమంతటా మసకగా పరుచుకుంటుంది.

వీడియోను ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసినా ఇబ్బంది లేదు. ప్రెజెంటేషన్ స్లైడ్‌లో నల్లని నేపథ్యం మీద తెల్లని గీత గీసి కూడా తొలి పరీక్ష చేయవచ్చు. నేపథ్యం విలువ మూడు రంగుల్లోనూ 0 ఉండాలి. కంప్యూటర్ పంపే సంకేతంలో నలుపు నుంచి తెలుపు వరకు విలువలు 16–235 పరిధిలో ఉండి ప్రొజెక్టర్ 0–255 పరిధిని ఆశిస్తే నలుపు బూడిదరంగులోకి మారుతుంది గనుక, రెండు చోట్లా ఒకే పరిధిని ఎంచుకోవాలి. గీతల మందం 3 నుంచి 6 పిక్సెళ్లు ఉంటే చాలు. ఒకే సమయంలో తక్కువ ఆకారాలు ఉంచితే ఒక్కొక్కటీ స్పష్టంగా నిలుస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల వేగం, నెమ్మదైన కదలిక మంచివి. వేగంగా కదిలే తెల్లని గీత రంగులను ఒకదాని తరువాత ఒకటిగా చూపే, ఒకే చిప్ గల డీఎల్‌పీ (సూక్ష్మమైన అద్దాలతో పనిచేసే) ప్రొజెక్టర్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలుగా చీలిపోతుంది. రంగుల విషయానికి వస్తే, మన కంటికి ఆకుపచ్చ అన్నిటికన్నా ప్రకాశవంతంగా తోస్తుంది, నీలం త్వరగా మాసిపోతుంది. కీస్టోన్ సవరణను (వాలుగా పడే చిత్రం ఆకారాన్ని సరిచేసే సదుపాయాన్ని) వాడకపోవడమే మేలు, ఎందుకంటే అది సన్నని గీతల అంచులను చెదరగొడుతుంది.

ప్రొజెక్టర్‌ను ప్రేక్షకుల వెనుక పెట్టడం సినిమా అలవాటు. ఇక్కడ దానిని ఎదురుగా, వేదిక వైపు ఎత్తులో అమర్చి, ప్రేక్షకుల తలల మీదుగా కాంతిని పంపాలి. పొగలోని సన్నని బిందువులు కాంతిని వెనక్కి కన్నా ముందుకే ఎక్కువగా వెదజల్లుతాయి కాబట్టి, కాంతి వచ్చే దిక్కుకు అభిముఖంగా ఉన్నవారికి కిరణాలు ఎన్నో రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. ప్రొజెక్టర్ వెనుక నిలబడి సర్దుబాట్లు చేసేవారికి ప్రదర్శన పేలవంగా తోచడానికి కారణం ఇదే. అందుచేత తీర్పు ఎప్పుడూ ప్రేక్షకుల కుర్చీలో కూర్చునే ఇవ్వాలి.

జూమ్‌ను వీలైనంత ఇరుకుగా ఉంచితే వెలుగు తక్కువ స్థలంలో పోగవుతుంది. త్రో నిష్పత్తి (దూరాన్ని చిత్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 6 మీటర్ల దూరంలో చిత్రం వెడల్పు 4 మీటర్లు, ఒక్కో పిక్సెల్ సుమారు 2 మిల్లీమీటర్లు. ఫోకస్‌ను ఎదుటి గోడ మీద కాక, కిరణాలు బాగా కనిపించాల్సిన దూరంలో తెల్లని అట్ట పట్టుకొని సరిచేయాలి. లెన్స్ దగ్గర కాంతులన్నీ లెన్స్ వెడల్పంత మందంతో కలగలిసే ఉంటాయి. ఒకటి రెండు మీటర్ల తరువాతే అవి విడివిడి కిరణాలవుతాయి. ఈ పని లేజర్‌ది కాదని పట్టించేది ఆ మొదటి భాగమే కనుక, దానిని తెరచాటునో వేదిక అలంకరణ వెనుకో దాచాలి. ఎదుటి గోడకు నల్లని గుడ్డ కడితే, అక్కడ పడే బొమ్మ కూడా దృష్టిని మళ్లించదు.

పొగకు ఫాగ్ మెషిన్ కన్నా హేజ్ మెషిన్ తగినది. మొదటిది దట్టమైన మేఘాలను వదిలి కిరణాలను ముక్కలు చేస్తుంది. రెండవది గది అంతటా సమంగా, చాలాసేపు నిలిచే పలుచని పొరను పరుస్తుంది. దానిని ప్రొజెక్టర్ గాలి పీల్చుకునే వైపుకు దూరంగా ఉంచాలి. పొగను పసిగట్టే అగ్నిమాపక అలారాలు దీనికి కూడా మోగవచ్చు కాబట్టి భవన నిర్వాహకులకు ముందే తెలియజేయాలి. అలారాన్ని సొంతంగా ఆపివేయకూడదు. లేజర్ కాదు గదా అని లెన్స్‌లోకి నేరుగా, దగ్గరనుంచి చూడడం ప్రమాదకరం, అందుకే కాంతి ఎవరి కళ్ల ఎత్తుకూ దిగకుండా చూడాలి. మిణుకుమిణుకుమనే దృశ్యాలు సెకనుకు 3 సార్లకు మించకపోతే మూర్ఛ సమస్య ఉన్నవారికి ముప్పు తగ్గుతుంది. ప్రదర్శన ముగిశాక గాలి వడపోతను శుభ్రం చేసి, చల్లబడిన లెన్స్‌ను మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. నూనె ఆధారిత ద్రవం వాడినప్పుడు దాని మీద పేరుకునే పొర తరువాతి ప్రదర్శనలో నలుపును మళ్లీ బూడిదరంగుగా మారుస్తుంది.