హెపటైటిస్ బి టీకా పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

బెంగళూరు ఆసుపత్రుల్లో నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా మనవాళ్లు చాలామందే ఉన్నారు. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి పీజీల్లో ఉంటూ నైట్ డ్యూటీలు చేస్తుంటారు. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కు టీకా వేయించుకున్నారా అని అడిగితే "ఆ, కాలేజీలోనే వేశారు" అంటారు. వేశారు సరే, ఒంటికి పట్టిందా?

ముందు టీకా కార్డు బయటికి తీయండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది పడి ఉండాలి. ఆరు నెలల్లో హాస్టలూ ఉద్యోగమూ మారిపోతాయి కాబట్టి మూడోది మర్చిపోవడం తేలిక. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలింది వేయించుకుంటే చాలు. భుజానికే వేయించుకోండి, పిరుదుకు వేస్తే సరిగా పట్టదు. చిన్నప్పుడే వేసుంటారులే అనుకోవద్దు. పిల్లల టీకాల్లో ఇది దేశమంతా చేరింది 2011లోనే.

ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు ల్యాబ్‌లో "యాంటీ హెచ్‌బీఎస్ టైటర్" అని పేరు పెట్టి అడగండి. టీకా వల్ల రక్తంలో రక్షణనిచ్చే యాంటీబాడీలు ఎన్ని తయారయ్యాయో కొలిచే పరీక్ష ఇది. ఊరికే "హెపటైటిస్ బి టెస్ట్" అంటే హెచ్‌బీఎస్‌ఏజీ చేసేసే అవకాశం ఉంది. అది ఒంట్లో వైరస్ ఉందా లేదా చెబుతుందే తప్ప టీకా సంగతి చెప్పదు. అందులో నెగటివ్ వచ్చిందని ధీమాగా తిరిగేవాళ్లున్నారు! మీ రిపోర్టులో అంకె ఉండాలి. అది మిల్లీలీటరుకు 10 ఎంఐయూ (యాంటీబాడీలను కొలిచే యూనిట్) లేదా అంతకంటే ఎక్కువైతే రక్షణ ఉన్నట్టే. ఆరోగ్యంగా ఉన్నవారికి తర్వాత ఆ అంకె తగ్గినా బూస్టర్ అక్కర్లేదు. అందుకే ఆ కాగితం ఫొటో తీసి దాచుకోండి.

10 కంటే తక్కువొస్తే టెన్షన్ పడకండి. నలభై దాటినవారిలో, పొగతాగేవారిలో, ఊబకాయం ఉన్నవారిలో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. మరో మూడు డోసులు వేయించుకుని, నెల రెండు నెలలాగి మళ్లీ టైటర్ చూపించుకోండి. టీకా వేసి ఏళ్లయ్యాక మొదటిసారి పరీక్షిస్తే మాత్రం లెక్క వేరు: ముందు ఒక్క డోసు వేసి మళ్లీ టైటర్ చూస్తారు.

హౌస్‌కీపింగ్ వాళ్లకూ ఇవన్నీ వర్తిస్తాయి. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతికుంటుంది. చెత్త సంచిలోంచి సూది గుచ్చుకునేది వాళ్లకే కదా.

రెండు విడతలయ్యాక కూడా అంకె పెరగకపోతే వైరస్ ముందే సోకిందేమో డాక్టర్ పరీక్ష చేయిస్తారు. అదీ లేకపోతే మీరు "నాన్ రెస్పాండర్", అంటే టీకా ఒంటికి పట్టనివారు. ఉద్యోగం మానక్కర్లేదు, కానీ ఆ మాట మీ ఫైల్లో రాయించండి. ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెప్పండి. ఆ రోగికి వైరస్ ఉంటే, రక్షణ లేనివారికి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. నాన్ రెస్పాండర్‌గా మీకు కావాల్సింది ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్, వీలైతే 24 గంటల్లోపే. నెలకు మరొకటి.