ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దిగే ముందు జాగ్రత్తలు

- ఒప్పందాన్ని సొంత లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి, ప్రమోటరు (పోటీలు ఏర్పాటు చేసి డబ్బిచ్చేవాడు) కుదిర్చిన లాయరుకు కాదు. ఎన్నేళ్లు, ఏడాదికి కనీసం ఎన్ని పోటీలు, గడువును ప్రమోటరు తనంతట తానే పొడిగించుకోవచ్చా అన్నవి ముఖ్యం. ఓటమి నుంచి కోలుకోవచ్చు. పోటీల్లేకుండా ఖాళీగా గడిచిన వయసు తిరిగి రాదు.

- మీ తరఫున బేరమాడే మేనేజరు, ప్రమోటరు ఒకరే అయితే ఆగండి. మీ పారితోషికం పెంచవలసినవాడూ, తగ్గించాలని చూసేవాడూ అతనే!

- అమెచ్యూర్‌లో ఆట మూడు రౌండ్లే. ఒలింపిక్స్‌లో 2008, 2012 స్వర్ణాలు గెలిచిన ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకో కూడా 2014లో తన రెండో ప్రొఫెషనల్ పోటీలోనే 12 రౌండ్ల టైటిల్ పోరుకు దిగి మెక్సికో బాక్సర్ సలీడో చేతిలో ఓడాడు. సాధనలో ఆరో రౌండుకల్లా మీ ఎడమ చేయి గడ్డం దగ్గర నుంచి జారుతోందా? అయితే మీరు దిగడానికి ఇంకా సమయం పడుతుంది.

- మెదడు స్కాన్, కంటి పరీక్ష ముందే చేయించుకోండి. పాత దెబ్బ బయటపడితే ఇప్పుడే బయటపడాలి.

- తూకం సాధారణంగా పోటీకి ముందురోజే. తెల్లారేసరికి ప్రత్యర్థి చాలా బరువెక్కి వస్తాడు.

- పెద్ద అమెచ్యూర్ పతకం అందేంత దూరంలో ఉంటే తొందరపడకండి. పతకంతో వెళ్తే బేరం మీ చేతిలో ఉంటుంది.

- తొలి పోటీల డబ్బుతో ఇల్లు గడవదు. వేరే సంపాదన చూసుకోండి.