ఓడ మోడల్ కట్టుకుందాం – 5వ పాఠం: ప్రొపెల్లర్ ఎంపిక

పోయిన పాఠంలో షాఫ్ట్ ట్యూబులు అమర్చి, గ్రీజు పెట్టి, మోటార్లు కలిపాం. ఈసారి ఆ షాఫ్టుల చివర ఏం బిగించాలో చూద్దాం. మనం కడుతున్నది ఐఎన్ఎస్ విశాఖపట్నం. 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఈ డిస్ట్రాయర్ పొడవు 163 మీటర్లు. 1:150 స్కేలులో మన మోడల్ సుమారు 109 సెంటీమీటర్లు. అసలు ఓడకు రెండు షాఫ్టులు, మనకూ రెండే.

ముందు వేగం తేల్చుకోవాలి. అసలు ఓడ 30 నాట్ల వేగం అందుకుంటుంది, అంటే సెకనుకు 15.4 మీటర్లు. దాన్ని 150తో భాగిస్తే పది సెంటీమీటర్లే వస్తుంది. ఆ వేగంలో మోడల్ కదులుతున్నట్టే అనిపించదు. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజనీరు విలియం ఫ్రూడ్ చూపించిన దారి వేరు: వేగాన్ని స్కేలు వర్గమూలంతో భాగించాలి. 150 వర్గమూలం 12.25, కాబట్టి మనకు సెకనుకు 1.26 మీటర్లు. అప్పుడే ముక్కు దగ్గర లేచే అల అసలు ఓడ అలలా కనిపిస్తుంది. పానగల్లులో ఉదయసముద్రం కట్ట వెంట మీరు మామూలుగా నడుస్తుంటే పడవ మీతోపాటే రావాలి. యుద్ధనౌకకు అంతకుమించి వేగం అక్కర్లేదు, చూడటానికీ బాగుండదు.

ఇక సైజు. అసలు ప్రొపెల్లర్ వ్యాసం 4.5 మీటర్లు అనుకుంటే మనకు 30 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎంత ముందుకు పోవాలో అది పిచ్. 30 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్‌కు పిచ్ కూడా దాదాపు అంతే ఉన్నది తీసుకోండి. నీళ్లలో జారుడు ఉంటుంది కాబట్టి అందులో 60 శాతమే చేతికొస్తుందనుకుందాం. 1.26 మీటర్లకు సెకనుకు 70 చుట్లు, అంటే నిమిషానికి 4,200. ఇది లోడు మీద తిరగాల్సిన వేగం. మోటారు లేబుల్ మీద ఉండేది చాలావరకు ఖాళీగా తిరిగే వేగం, దాన్ని నమ్ముకోకండి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పడవ మెల్లగా పోతోందని 30 తీసేసి 40 బిగిస్తారు. చుట్లు అన్నే ఉంటే లోడు వ్యాసానికి ఐదో ఘాతంలో పెరుగుతుంది. 35 పెడితే రెండింతలు దాటుతుంది, 40 పెడితే నాలుగింతలు దాటుతుంది. చిన్న బోరు మోటారుకు పెద్ద పంపు తగిలిస్తే వైండింగు కాలిపోవడం మన జిల్లాలో చూడని రైతు ఉండడు. ఇదీ అంతే. వేగం చాలకపోతే ముందు పిచ్ కొంచెం పెంచి చూడండి.

రెక్కలు ఎన్ని? రెండు రెక్కలవి రేసు పడవలకు వదిలేయండి. నాలుగైదు రెక్కల ఇత్తడివి యుద్ధనౌకకు అందంగా ఉంటాయి, శబ్దం తక్కువ, మెత్తగా తిరుగుతాయి. నాకు ఐదు రెక్కలవే ఇష్టం. షోకేసులో పెట్టినా చూపు అక్కడే ఆగుతుంది.

జత కొనేటప్పుడు ఒకటి కుడి, ఒకటి ఎడమ అడిగి తీసుకోండి. వెనక నుంచి చూస్తే కుడివైపుది గడియారం ముల్లు తిరిగినట్టు, ఎడమవైపుది దానికి ఎదురుగా తిరగాలి. రెండూ ఒకే వైపు తిరిగితే వెనకభాగం పక్కకు లాగుతుంది, చుక్కాని సరిచేస్తూనే ఉండాలి.

మర విషయం కూడా చూసుకోండి. షాఫ్టులకు మామూలు మరే ఉంటే, కుడి ప్రొపెల్లర్ ముందుకు పోయేటప్పుడు వదులవుతుంది, ఎడమది రివర్సులో వదులవుతుంది. అందుకే ముందు షాఫ్టు మీద నట్టు ఎక్కించి, తర్వాత ప్రొపెల్లర్ ఎక్కించి, నట్టును వెనక్కి తిప్పి దానికి ఆనించి గట్టిగా బిగించాలి. రెండు స్పానర్లు కావాలి. రెక్క కొనకూ పడవ అడుగుకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి.

చెరువుకు పోకముందే ఇంట్లో తొట్టిలో పరీక్షించండి. పడవను కదలకుండా పట్టుకుని, మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఒక్కో మోటారు వైరుకు వరుసలో కలిపి, ఫుల్ థ్రాటిల్ పది సెకన్లు ఇవ్వండి. మోటారు కాగితం మీద రాసిన గరిష్ఠ కరెంటు దాటితే ప్రొపెల్లర్ పెద్దదైనట్టు. దాటకపోయినా ఓసారి మోటారు ఒంటి మీద వేలు పెట్టి చూడండి. వేలు ఆనించలేనంత వేడెక్కితే ఒక సైజు తగ్గించండి. గుర్రపుడెక్క, నాచు చుట్టుకున్నప్పుడూ కరెంటు ఇలాగే ఎగబాకుతుంది, కాబట్టి ప్రతి మోటారుకూ విడిగా ఒక ఫ్యూజు తప్పనిసరి.

వచ్చే పాఠం చుక్కానుల మీద. ఆలోగా మీ తొట్టి పరీక్షలో వచ్చిన ఆంపియర్లు, ప్రొపెల్లర్ వ్యాసం, పిచ్ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. బ్యాటరీ లెక్క వేసేటప్పుడు అవి కావాలి.