సంఘమంతా పాడాలంటే: పాట నడిపేవాళ్లకు

మైకు దగ్గర నలుగురు పాడుతుంటే మిగతా సంఘం వింటూ కూర్చుందంటే, చాలాసార్లు కారణం శ్రుతి, లేకపోతే సౌండు. భక్తి తగ్గిందని వాళ్లను మందలించకండి. కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోవాలని కొలొస్సయులకు 3:16 చెబుతోంది. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పల్లెల్లో చదువురాని పెద్దమ్మలకు వాక్యం కంఠతా వచ్చింది పాటల వల్లే. వాళ్ల గొంతు వినపడని ఆరాధనలో పెద్ద లోటున్నట్టే.

ముందు శ్రుతి చూడండి. యూట్యూబ్‌లో విన్న శ్రుతిలోనే కీబోర్డు మొదలుపెట్టడం అన్నిటికన్నా మామూలు తప్పు. అది సాధన చేసిన ఒక్క గొంతుకు కుదిరిన శ్రుతి. పాటలో అన్నిటికంటే పైస్వరం ఎక్కడుందో వెతకండి. ఎక్కువగా చరణంలో ఉంటుంది. అది పై ‘డి’ (కీబోర్డు మధ్య ‘సి’కి పైన వచ్చే రెండో ‘డి’) దాటకూడదు. పాట తారషడ్జమం (పై ‘స’) దగ్గర ఆగితే ఒకటి లేదా ఒకటిన్నర శ్రుతి (‘సి’ లేదా ‘సి షార్ప్’) సరిపోతుంది. తార గాంధారం (పై ‘గ’) దాకా ఎక్కితే ఆరున్నరకు (కింది ‘బి ఫ్లాట్’కు) దించాలి. అలా దించాక అడుగున మంద్ర పంచమం (కింది ‘ప’) వస్తుంటే ఆడవాళ్లకు అందదు, ఆ పాట క్వాయర్‌కు వదిలేయండి. పొద్దున గొంతులు ఇంకా విచ్చుకోవు కాబట్టి మొదటి పాటకు మరో అర శ్రుతి తగ్గించినా మంచిదే. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ నొక్కినవాళ్లు తర్వాతి పాటకు ముందు దాన్ని సున్నాకు తేవాలి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. డోలక్ వాయించే తమ్ముడు ఆ తాళం చూసుకుని కూర్చోవాలి. మూడు, ఏడు మాత్రల నడకకు కీబోర్డులో నాలుగు మాత్రల రిథమ్ పెడితే పాదం చివర సంఘం ఒక దిక్కు, వాయిద్యం ఒక దిక్కు పోతాయి. వేగానికి కొలత ఊపిరే: అరవై ఏళ్ల మనిషి ఒక పాదాన్ని ఒక్క ఊపిరిలో పాడగలగాలి. స్లాబు హాల్లో గోడలు ప్రతిధ్వనిస్తాయి, అక్కడ ఇంకొంచెం నెమ్మదిగా నడపండి, కీబోర్డులో వెనక సాగుతూ ఉండే ప్యాడ్స్ సౌండు తగ్గించండి.

పల్లవి మొదటిసారి మైకులో పాడండి. రెండోసారి మైకు దించేయండి. పక్కవాళ్ల గొంతు వినిపిస్తేనే మనిషి నోరు తెరుస్తాడు.

కొత్త పాట నెలకు ఒకటి చాలు. ఆరాధనకు పది నిమిషాల ముందు పల్లవి ఒక్కటే, వాయిద్యం లేకుండా, నాలుగైదుసార్లు పాడించండి. చదవలేనివాళ్ల కోసం ప్రతి పాదాన్నీ ముందు మాటలుగా చెప్పి, వెంటనే వరసలో అందుకోండి. బతుకమ్మ పాటల్లో ఒకరు చెబితే గుంపంతా అందుకోవడం మన దగ్గర ఆడవాళ్లకు చిన్ననాటి నుంచీ అలవాటే. స్త్రీల సమాజానికి ముందు నేర్పితే మిగతా సంఘానికి వాళ్లే నేర్పుతారు. చరణాలు తర్వాతి వారాల్లో ఒక్కొక్కటీ చేర్చండి.

ప్రభురాత్రి భోజనం నాడు మాత్రం కొత్త పాట వద్దు. రొట్టె, ద్రాక్షారసం అందుకునే చేతుల్లో పుస్తకం ఉండదు. అందరికీ నోటికొచ్చిన కీర్తన ఎంచుకోండి. చివరి వరుసకు అందేలోపు చరణాలు అయిపోతే కీబోర్డు ఆపి పల్లవి తిప్పుతూ ఉండండి.