స్టేషన్ నుంచి 41ఏ నోటీసు వస్తే ఏం చేయాలి?

గాజువాకలో బండి పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగి చేయిచేసుకున్నారనుకోండి. నాలుగు రోజులకి కానిస్టేబుల్ ఇంటికొచ్చి, విచారణకి స్టేషన్‌కి రమ్మని ఒక కాగితం ఇచ్చి వెళ్తాడు. అదే 41ఏ నోటీసు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. కొందరైతే ఫోన్ ఆపేసి శ్రీకాకుళంలో చుట్టాలింటికి వెళ్లిపోతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. నోటీసు అందిందంటే, మిమ్మల్ని ఇప్పుడే అరెస్టు చేయనక్కర్లేదని పోలీసులు అనుకున్నట్టే.

ముందు కాగితం మీద సెక్షన్ చూడండి. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందరూ 41ఏ అంటున్నది ఇప్పుడు సెక్షన్ 35(3). అంటే మీ మీద ఆరోపణ ఉంది. సెక్షన్ 179 అని ఉంటే మిమ్మల్ని సాక్షిగా పిలిచినట్టు. ఆడవాళ్లని, 60 ఏళ్లు దాటినవాళ్లని, 15 ఏళ్లలోపు పిల్లల్ని సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఈ సంగతి చాలామందికి తెలియక పెద్దవాళ్లు ఎండలో స్టేషన్ల చుట్టూ తిరుగుతుంటారు.

35 నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరిస్తే అది పక్కా మోసం, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాత ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. నోటీసులో క్రైమ్ నంబర్ ఉంటుంది. సున్నితమైన కేసులు తప్ప మిగతావి పోలీసు వెబ్‌సైట్‌లో పెడతారు. దాన్ని లాయరుకి చూపించి, ఆ సెక్షన్లు బెయిలబులా (బెయిల్ హక్కుగా దొరికేవా) కాదా అడగండి. ఫీజు పెట్టుకోలేకపోతే విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

చెప్పిన రోజుకి తప్పకుండా వెళ్లండి. పిలిచినప్పుడల్లా వెళ్తున్నవాళ్లని అరెస్టు చేయాలంటే పోలీసులు కారణం రాతపూర్వకంగా చూపించాలి. ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది. జ్వరమొచ్చి వెళ్లలేకపోతే ముందే అర్జీ రాసి స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. మిమ్మల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. ఎవరు ఎంత గద్దించినా తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఒకవేళ అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కొట్టి ఉంటే ఆ మాట అక్కడే, మేజిస్ట్రేటుతోనే చెప్పండి. బెయిల్ పిటిషన్ లాయరు వేస్తారు. జామీను ఇచ్చేవాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లాంటివి ఇంట్లోవాళ్లు ముందే సిద్ధం చేసుకుంటే ఒక రోజైనా కలిసొస్తుంది.

పోలీసులు దర్యాప్తు ముగించి వేసిన ఛార్జిషీటు కోర్టులో నమోదయ్యాక కేసుకి సీఎన్ఆర్ నంబర్ (ఆ కేసుకి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) వస్తుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా తేదీ కనిపిస్తుంది. లాయరు చెప్పినా సరే, ముందురోజు మీరూ ఒకసారి చూసుకోండి. చెప్పకుండా వాయిదాకి డుమ్మా కొడితే నాన్‌బెయిలబుల్ వారెంట్ కూడా రావచ్చు.