హ్యాంగర్లో అలసట – 3వ పాఠం: నిద్ర లెక్క

విమానాలు బాగుచేసే హ్యాంగర్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఈ పాఠాలు. కిందటి పాఠంలో రాత్రి 2 నుంచి పొద్దున 6 దాకా ఒళ్లు ఎందుకు మొరాయిస్తుందో చూశాం. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

నైట్ షిఫ్ట్‌లో ఎవర్ని పలకరించినా "బానే ఉన్నా" అంటారు. అబద్ధం కాదు. నిద్ర చాలని బుర్రకు తన మొద్దుతనం తనకే తెలియదు. అందుకే అడగడం మాని లెక్క వేద్దాం. ఆస్ట్రేలియా నిద్ర పరిశోధకులు చెప్పిన లెక్క ఇది: షిఫ్ట్ ఎక్కే ముందు 24 గంటల్లో కనీసం 5 గంటలు, 48 గంటల్లో కనీసం 12 గంటలు పడుకుని ఉండాలి. చివరిసారి నిద్ర లేచినప్పటి నుంచి షిఫ్ట్ దిగేదాకా మెలకువగా ఉన్న గంటలు, ఆ 48 గంటల్లో పడుకున్న గంటలను దాటకూడదు.

వేసి చూద్దాం. మీ షిఫ్ట్ రాత్రి 10 నుంచి 6. మొన్న 7 గంటలు, నిన్న రాత్రి 6 గంటలు పడుకుని పొద్దున 9కి లేచారు. మొత్తం 13. మొదటి రెండూ పాస్. కానీ దిగేసరికి మెలకువ 21 గంటలు! మూడోది తప్పింది. అదే మధ్యాహ్నం 3 నుంచి 4:30 దాకా కునుకు తీస్తే నిద్ర 14:30, మెలకువ 13:30. గట్టెక్కారు. (పది నిమిషాలు కళ్లు మూసి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకండి, గంటకు తక్కువైన కునుకును నేనైతే లెక్కలోకి తీసుకోను.)

లెక్క తప్పితే ఇంటికి పొమ్మని కాదు, పనుల వరస మార్చమని. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బీఏసీ 1-11 విమానం విండ్‌స్క్రీన్ 17,300 అడుగుల ఎత్తులో ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి వేలాడారు, బతికి బయటపడ్డారు. ముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దం మార్చినాయన పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి, మసక వెలుతురులో కంటితోనే జత చూసి తీసుకున్నారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా సన్నవి. పార్టుల కేటలాగ్ తెరవలేదు. రెండో మనిషి తనిఖీ ఆ పనికి అప్పటి నిబంధనల్లో లేదు.

కాబట్టి టార్క్ పెట్టే పనులు (బోల్టులు కొలత ప్రకారం బిగించడం), కంట్రోల్స్ రిగ్గింగ్ (విమానాన్ని తిప్పే కంట్రోల్స్ సరిచేయడం) రాత్రి 2 లోపే ముగించండి. కుదరకపోతే పార్టు నంబరు ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. 3 నుంచి 5 మధ్య శుభ్రం చేయడం, సామాను సర్దడం పెట్టుకోండి.

వచ్చే మూడు షిఫ్టులకు ఈ లెక్క రాసి ఉంచండి. 4వ పాఠంలో హ్యాండోవర్‌కు (తర్వాతి షిఫ్ట్‌కు పని అప్పగించడానికి) అవే కాగితాలు కావాలి.