పాత స్ప్లెండర్‌కి కరెంటు సమస్యా? సామాను కొనేముందు చిలుము చూడండి

మా నాన్న 2001లో కొన్న స్ప్లెండర్ మీదే నేను ఇప్పటికీ రోజూ రాజోలు నుంచి రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లొస్తుంటాను. ఇంజిన్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు గానీ వైరింగ్ మాత్రం నాలుగేళ్ల కిందట చుక్కలు చూపించింది. ఒక్క ఏడాదిలో బ్యాటరీ రెండుసార్లు, ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్, ఛార్జింగ్‌ని అదుపు చేసే డబ్బా) ఒకసారి, ఇండికేటర్లని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ ఒకసారి మార్పించాను. తీరా చూస్తే లోపమంతా ట్యాంకు కింద ఫ్రేముకి బిగించిన ఒక్క ఎర్త్ బోల్టు (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే వైరుని బిగించే బోల్టు) దగ్గర ఉంది. నాలాగా మీ డబ్బులు పోకూడదనే ఇది రాస్తున్నాను.

మన వైపు బళ్లకి ఉప్పుగాలే అసలు శత్రువు. అంతర్వేది గాలి, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు చిమ్మే తుంపర, సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు తగిలే తడి, ఇవన్నీ వైర్లని కలిపే కప్లర్లలోకి దిగి ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిస్తాయి, రాగి తీగైతే తొడుగు లోపలే నల్లబడి పొడిపొడి అయిపోతుంది. పైకి వైరు బాగానే కనిపిస్తుంది. అందుకే పార్టు పోయిందనుకునే ముందు జాయింటు చూడాలి.

రంగులు గుర్తుంటే సగం పని అయినట్టే. పచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ ప్లస్, నలుపు తాళం తిప్పాక వచ్చే ప్లస్, తెలుపు ఛార్జింగ్, పసుపు లైటింగ్. వైర్ల మీద చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, చెక్ చేసేటప్పుడు మాత్రం తగిలించుకోవాలి.

ఇండికేటర్ వేస్తే హారన్ నీరసపడుతోంది, న్యూట్రల్ లైటు కూడా మినుకుమినుకుమంటోంది

పదికి ఎనిమిదిసార్లు ఎర్తే. మల్టీమీటర్ డీసీ 20లో పెట్టి నల్ల కొస బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర కొస హెడ్‌లైట్ డూమ్ లోపలి పచ్చ వైరుకి ఆనించి, తాళం తిప్పి, ఇండికేటర్ వేసి హారన్ కొట్టండి. రీడింగ్ 0.2 వోల్టు లోపే ఉండాలి, ఒక వోల్టు దాకా పోయిందంటే కరెంటు తిరిగొచ్చే దారిలోనే అడ్డు ఉంది. మీటర్ లేకపోతే ఒక వైరు ముక్కతో ఆ పచ్చ వైరుని నేరుగా బ్యాటరీ మైనస్‌కి కలిపి చూడండి, హారన్ ఒక్కసారిగా గట్టిగా మోగితే జబ్బు దొరికినట్టే. ఎర్త్ బోల్టు విప్పి, రింగు కిందా ఫ్రేము మీదా తెల్లగా మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాక పైన వాజ్‌లైన్ పూయండి. డూమ్‌లో ఉండే బుల్లెట్ పిన్నులు కూడా ఒక్కొక్కటి లాగి శుభ్రం చేయాలి, విసుగు పుట్టించే పనే అయినా వదలొద్దు.

బ్యాటరీ నెలకోసారి పడుకుంటోంది

బండి స్టార్ట్ చేసి బ్యాటరీ మీద వోల్టేజీ చూడండి. రేజ్ చేస్తే 14 దగ్గరికి ఎక్కి అక్కడ ఆగాలి. 12.3 దగ్గరే ఉంటే ఛార్జింగ్ రావట్లేదు. ఆర్ఆర్ యూనిట్ కప్లర్ లాగి తెల్ల వైరు పిన్ను చూడండి, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కరిగినట్టుంటే అక్కడ వేడెక్కిందని అర్థం, పిన్ను మార్చాలి. పిన్ను బాగుంటే మీటర్ ఏసీకి మార్చి తెల్ల వైరుకీ బాడీకీ మధ్య చూడండి. రేజ్‌తో పాటు పెరుగుతుంటే ఇంజిన్‌లో కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ మంచిదే. ఎర్ర వైరు బ్యాటరీ దాకా తెగకుండా ఉందో లేదో కూడా చూసుకుని, అప్పుడే ఆర్ఆర్ యూనిట్‌ని అనుమానించండి.

హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడిపోతున్నాయి

ఈ బండిలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద నడవదు, మ్యాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ మీద నడుస్తుంది. అందుకే స్లోలో మసకగా ఉండటం సహజం. ఎక్కువైన కరెంటుని ఆర్ఆర్ యూనిట్ ఎర్త్‌లోకి మళ్లిస్తుంది. దాని పచ్చ వైరుకి చిలుము పడితే మళ్లించే దారే ఉండదు, రేజ్ చేయగానే వోల్టేజీ పెరిగి బల్బు పోతుంది. ఇక్కడ కూడా ముందు ఎర్త్, తర్వాతే యూనిట్.

వానలో తడిస్తే స్పార్క్ ఉండదు, ఎండెక్కాక మామూలే

తాళం ఆఫ్ చేస్తే నలుపు మీద తెల్ల చార ఉన్న వైరు ఎర్త్‌కి కలిసి, స్పార్క్ పుట్టించే సీడీఐని ఆపేస్తుంది. తాళం పెట్టే లాక్‌సెట్‌లోకి నీళ్లు దిగినా ఇదే జరుగుతుంది. ఆ వైరు విప్పి కిక్కు కొట్టండి, బండి లేస్తే లాక్‌సెట్ మార్చండి. గుర్తుంచుకోండి, ఆ వైరు విప్పి ఉంటే తాళంతో బండి ఆగదు, గేరులో వేసి క్లచ్ వదిలి ఆపాలి.

ఎల్ఈడీ హెడ్‌లైటు, డబుల్ హారన్ పెట్టాలంటే

చెరువు గట్ల మీద రాత్రిళ్లు తిరిగేవాళ్లకి వెలుతురు కావాలి, ఆ అవసరం నాకు తెలుసు. కానీ డీసీ ఎల్ఈడీని పసుపు వైరుకి నేరుగా కలిపితే వెలుగు వణుకుతుంది, త్వరగా పాడవుతుంది. బ్యాటరీకి కలిపితే 2.5 ఏహెచ్ చిన్న బ్యాటరీ, ఛార్జింగ్ కూడా అంతంతమాత్రం, రెండు రాత్రుల్లో పడుకుంటుంది. ఏసీకీ డీసీకీ పనిచేస్తుందని రాసి ఉన్న తక్కువ వాట్ల బల్బు ఒక్కటే నేను ఒప్పుకునే మార్గం. ఇండికేటర్లకి కూడా ఎల్ఈడీ పెడితే ఫ్లాషర్ ఎల్ఈడీదే వేయాలి, లేకపోతే సరిగ్గా వెలిగి ఆరవు.

హారన్‌కి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) తప్పనిసరి. పాత హారన్‌కి వచ్చే రెండు వైర్లు రిలే మీద 85, 86 అని రాసి ఉన్న పిన్నులకి, బ్యాటరీ ప్లస్ నుంచి విడిగా ఒక ఫ్యూజు పెట్టి 30కి, 87 నుంచి హారన్లకి, హారన్ల రెండో కొస ఎర్త్‌కి. బండి అసలు ఫ్యూజు మాత్రం దాని మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉంటే అంతే వేయండి, పోతోందని పెద్దది వేస్తే ఈసారి మాడేది వైరింగ్ కిట్టే. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు, మన ఎండకి ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి.

అంతా బిగించాక ఇండికేటర్ వేసి హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా లైటు ఆరిందంటే స్టీరింగ్ మెడ దగ్గర తీగ లోపల తెగి ఉంది, అక్కడ తొడుగు కోసి చూడాల్సిందే.